కొట్టం తీసి గది కడితే
(జైపూర్‌లో జరిగిన సభ్య సంఘాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పాల సంఘం సభలో కిరాయి గదుల మాట ఎందుకని కొందరు నవ్వవచ్చు. దాణా సంగతి, వెన్న శాతం సంగతి మాట్లాడుకోవలసిన చోట ఇదేమి విషయమని అడగవచ్చు. మేము కూడా మొదట అట్లాగే అనుకున్నాము. కాని ఈ మధ్య పాల చిట్టాలు ముందు వేసుకొని, ఏ ఇంటి నుంచి పాలు రావడం ఆగిపోయినది, ఎందుకు ఆగిపోయినది అని ఒక్కొక్క పేరూ చూసుకుంటూ పోయినాము. కొన్ని పేర్ల దగ్గర ఒకటే జవాబు వచ్చినది. బర్రె చచ్చిపోలేదు. మేత కరువు రాలేదు. కొట్టం తీసి గది కట్టినారు.

ఇది మన ప్రాంతానికి పూర్తిగా కొత్త కాదు. పెగడపల్లి దగ్గర సింగరేణి వారి విద్యుత్ కేంద్రం కట్టే రోజుల్లో బీహారు, ఒడిశా, ఛత్తీస్‌గఢ్ నుంచి పని వాళ్ళు వచ్చినారు. వారికి తలదాచుకోవడానికి చోటు కావలెను. రోడ్డు వైపు ఇల్లు ఉన్నవారు ముందు గదిని ఇచ్చినారు, తరువాత వెనుక గదిని ఇచ్చినారు, ఆ తరువాత కొట్టం మీద కన్ను పడినది. మన సభ్యుల్లో ఒకరు రెండు బర్రెలను అమ్మి, కొట్టం పునాది మీదనే రేకులు వేసి మూడు గదులు చేసినారు. పేరు చెప్పడం లేదు, ఆయన ఈ సభలోనే ఉన్నారు, చెప్పుమని తానే అన్నారు. రెండేండ్లు బాగా నడిచినది. 600 మెగావాట్ల యూనిట్లు రెండూ 2016లో ఉత్పత్తి మొదలుపెట్టినవి. కట్టుబడి పని అయిపోయినది, పని వాళ్ళు పోయినారు. ఇప్పుడు మరమ్మతుల కోసం యూనిట్ ఆపినప్పుడు కొన్నాళ్ళు గదులు నిండుతవి. తక్కిన కాలం తాళం. తిరిగి బర్రెలను కొందామని ఆయన అంగడికి పోతే, అప్పుడు రెండింటిని అమ్మిన డబ్బుకు ఇప్పుడు ఒక్కటి కూడా రాలేదు.

గనుల ప్రాంతంలో కిరాయి సంగతి మనకంటే బాగా ఎవరికి తెలుసును? రామగుండం ఎరువుల కర్మాగారం 1980లో ఉత్పత్తి మొదలుపెట్టినది, 1999లో మూతపడినది. ఆ గేటును నమ్ముకొని ఇండ్లు కట్టినవారి గదులు ఖాళీ అయినవి. అదే చోట కొత్త కర్మాగారం పని మొదలుపెట్టేసరికి 2021 వచ్చినది. బెల్లంపల్లిలో గనులు ఒకదాని వెనుక ఒకటి మూతపడినప్పుడు వీధులకు వీధులే చిన్నబోయినవి. కిరాయి వచ్చేది మన చేతిలో లేని ఒక గేటు నుంచి అని అప్పుడే తెలిసినది.

అయితే ఈనాడు మేము చెప్పదలచినది పని వాళ్ళ గదుల గురించి కాదు. ఇప్పుడు జనం సెలవు గడపడానికి కూడా ఊళ్ళకు వస్తున్నారు. ఒక రాత్రికి, రెండు రాత్రులకు ఇల్లు కావాలంటున్నారు. ఫోనులో బొమ్మ చూసుకొని, ఫోనులోనే డబ్బు కట్టి, కారులో దిగుతున్నారు. 2008లో అమెరికాలో మొదలైన ఎయిర్‌బీఎన్‌బీ వంటి సంస్థలు ఈ అలవాటును లోకమంతా పాకించినవి. మన జిల్లాలోనే జన్నారం ఉన్నది, కవ్వాల్ అడవి చూడటానికి వచ్చేవారు అక్కడ దిగుతారు. మన మండలంలో శివ్వారం దగ్గర మొసళ్ళ అభయారణ్యం 1978 నుంచి ఉన్నది. వేలాల గట్టు మల్లన్న జాతర ఉన్నది. శివరాత్రికి గోదావరిలో మునిగి గుట్ట ఎక్కేవారు ఎంతమందో మీకు చెప్పనక్కర లేదు. ఇన్నాళ్ళూ వారు చెట్టు కింద వండుకొని తిని, తెల్లవారి పోయేవారు. ఇకమీదట గది అడుగుతారు. 2015 జులైలో గోదావరి పుష్కరాలు పన్నెండు రోజులు జరిగినవి. మళ్ళీ పుష్కరాలు 2027లో. ఆ పన్నెండు రోజుల కిరాయిని తలచుకొని ఇప్పటి నుంచే కొట్టాలు కొలిపించుకుంటున్న వారు ఉన్నారు. అందుకే ఈ మాట ఇప్పుడు ఎత్తినాము.

ఇతర చోట్ల ఏమి జరిగినదో కొంచెం చూద్దాము.

మేడారం మనమందరమూ పోయి వచ్చినదే. రెండేండ్లకు ఒకసారి మాఘ మాసంలో నాలుగు రోజుల జాతర. 2024లో ఫిబ్రవరి 21 నుంచి 24 వరకు జరిగినది. ఆ నాలుగు రోజులు అక్కడ గదికి, వరండాకు, పెరటికి కూడా కిరాయి ఉన్నది. గుడారం వేసుకునే జాగాకు కూడా కిరాయే. నాలుగు రోజులు కాబట్టి ఊరు దానిని తట్టుకుంటుంది. ఇంటివారు ఒక మూలకు సర్దుకుంటారు, జాతర అయినాక మళ్ళీ తమ ఇంట్లో తాము ఉంటారు. ఇల్లు ఇల్లుగానే మిగులుతుంది. ఇది మాకు మంచి పద్ధతిగా కనబడుతున్నది. చెత్త విషయం వేరు, దాని సంగతి తరువాత చెబుతాము.

లంబసింగి సంగతి వేరు. అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లి మండలంలో అది చిన్న గిరిజన గ్రామం. చలికాలంలో అక్కడ ఎండ రాకముందు మంచు కురుస్తుందని పేరు పడినది. డిసెంబరు, జనవరి నెలల్లో విశాఖపట్నం నుంచి, హైదరాబాదు నుంచి కార్లు వరుస కడతవి. చెరువులవేనం గుట్ట మీదికి తెల్లవారుజామున జనం ఎక్కుతారు. పొలం గట్ల మీద గుడారాలు లేచినవి, గదులు లేచినవి. అది షెడ్యూల్డు ప్రాంతం. 1959 నాటి భూ బదిలీ నిబంధనలను 1970లో సవరించినారు, మనం 1/70 అంటాము. దాని ప్రకారం గిరిజనేతరులు అక్కడ భూమి కొనకూడదు. ఆ కట్టు లేకపోతే బయటివారి చేతికి పోయే భూమి ఎంతో ఊహించుకోవచ్చు. బొర్రా గుహల ప్రాంతంలో గనుల లీజుల మీద వచ్చిన సమత కేసులో సుప్రీంకోర్టు 1997లో అక్కడి గిరిజనుల భూమి హక్కును గట్టిగా నిలబెట్టినది. చట్టం ఉన్నా, పేరు ఒకరిది పెట్టుబడి ఇంకొకరిది అయ్యే దారులు మనుషులు వెతుకుతూనే ఉంటారు. మన జైపూర్ వంటి చోట ఆపాటి అడ్డు కూడా లేదని గుర్తు పెట్టుకోవలెను.

హైదరాబాదు అంచున మొయినాబాదు, చేవెళ్ళ వైపు ఇంకొక రకం. జంట జలాశయాల కోసం 1996లో ఇచ్చిన 111 జీవో వలన 84 గ్రామాలలో పెద్ద కట్టడాలు రాకూడదన్నారు. పెద్ద కట్టడాలకు బదులు ఫామ్‌హౌసులు వచ్చినవి. ఇప్పుడు వాటిలో ఎన్నో శనివారం, ఆదివారం రోజు కిరాయికి పోతున్నవి. పుట్టినరోజులు, విందులు, రాత్రంతా పాటలు. చుట్టూ ప్రహరీ, గేటుకు కాపలాదారు. ఆ కాపలాదారు ఒకప్పుడు ఆ చెలకలోనే పశువులను మేపిన వాడు కావచ్చు. నగరానికి కూరగాయలు, పూలు, పాలు ఇచ్చిన పల్లెలు అవి. మేత భూమి ప్రహరీ లోపలికి పోయినాక బర్రెను ఎక్కడ తిప్పుతారు?

భీమవరం వైపు సంక్రాంతికి కోడి పందేల కోసం వచ్చేవారికి గదులు దొరకవు, ఉన్న ఇంటిని ఇచ్చి చుట్టాల ఇంట్లో పండుగ చేసుకునేవారు ఉన్నారంటే మనకు నవ్వు రావచ్చు. అది మూడు రోజుల ముచ్చట.

ఇది ఒక్క మన దేశపు సంగతి కాదు. ఇంగ్లండు పక్కన వేల్స్ అనే దేశం ఉన్నది, పచ్చిక కొండలు, గొర్రెలు, పాడి ఆవులు. సముద్రం పక్క పల్లెల్లో ఇండ్లు సెలవు ఇండ్లుగా మారిపోయి, అక్కడి పిల్లలకు పెండ్లి అయినా ఉండటానికి ఇల్లు దొరకని పరిస్థితి వచ్చినది. 2023 ఏప్రిల్ నుంచి అట్టి రెండో ఇండ్ల మీద మూడింతల వరకు అదనపు పన్ను వేసే అధికారం అక్కడి స్థానిక మండళ్ళకు ఇచ్చినారు. గ్వినెడ్ అనే జిల్లాలో ఉన్న ఇంటిని సెలవు కిరాయి ఇల్లుగా మార్చాలంటే ముందుగా అనుమతి తీసుకోవలెనని 2024 సెప్టెంబరులో నిబంధన తెచ్చినారు. స్పెయిన్‌లో బార్సిలోనా నగరం 2028 నాటికి సుమారు పది వేల టూరిస్టు ఇండ్ల లైసెన్సులను ముగిస్తామని 2024లో ప్రకటించినది. అంత పెద్ద నగరాలే ఇల్లు ఎవరి కోసమని ఆలోచనలో పడినవి.

ఇక మన లెక్కకు వద్దాము. కిరాయి మంచిదా, పాలు మంచివా అని మేము తూకం వేయబోవడం లేదు. ఎవరి ఇల్లు వారిది. కూతురి పెండ్లి ఉన్నవాడు, అప్పు ఉన్నవాడు గది కడితే తప్పు పట్టడానికి మేమెవరము? అసలు చిక్కు ఇంకొక చోట ఉన్నది.

ఒక సంఘం అనుకుందాము. అరవై మంది సభ్యులు రెండు పూటలా కలిపి 240 లీటర్లు పోస్తారు. అందులో పదిళ్ళు, రోడ్డు వైపు పదిళ్ళు, 90 లీటర్లు పోస్తవి. రోడ్డు వైపు ఇండ్లు కలిగిన వారివి, వారికి మూడు నాలుగు బర్రెలు ఉంటవి. గదులు అడిగేది కూడా రోడ్డు వైపు ఇండ్లనే. ఆ పదిళ్ళు కొట్టాలు తీసివేస్తే 150 లీటర్లు మిగులుతవి. ఎండాకాలం వచ్చి బర్రెలు వట్టిపోతే 100కు దిగుతవి. కాని పాల బండికి డీజిల్ ఖర్చు అంతే. పరీక్ష చేసే పిల్లవాడి జీతం అంతే. మిషను ఖర్చు, కరెంటు ఖర్చు అంతే. కొన్నాళ్ళకు బండి దినం విడిచి దినం వస్తానంటుంది. తరువాత పెద్ద రోడ్డు దాకా మీరే తెచ్చుకోండి అంటుంది. లోపలి వాడలో ఒక్క బర్రెతో ఉన్న ముసలవ్వ రెండు లీటర్ల పాలు నెత్తిన పెట్టుకొని ఎంత దూరం నడుస్తుంది? ఆమె గది కట్టలేదు. ఆమె ఇంటికి సెలవు మీద వచ్చేవారు ఎవరూ రారు. అయినా ఆమె బర్రెను అమ్ముకుంటుంది. గది కట్టిన పది మందికి ఇది తెలియదు కూడా. ఎవరూ ఎవరికీ చెడు చేయాలని చేయలేదు.

పల్లెటూరి బడి, బస్సు, కిరాణా దుకాణం, పాల కేంద్రం, ఇవన్నీ ఇంతమంది ఉంటేనే నిలబడతవి. వేల్స్‌లో బడులు మూతపడినప్పుడు వారు చెప్పుకున్న బాధ కూడా ఇదే. మన దగ్గర అది ముందుగా పాల కేంద్రంలో కనబడుతుంది, ఎందుకంటే మనం రోజుకు రెండుసార్లు లెక్క రాసుకుంటాము.

ఇంకొక సంగతి. గది కట్టడానికి రెండు నెలలు చాలును. మందను కట్టడానికి ఎంత కాలం? ఈరోజు పుట్టిన దుడ్డె బాగా మేపితే మూడున్నర, నాలుగేండ్లకు ఈని పాలు ఇస్తుంది. అంటే 2027 పుష్కరాల కోసం ఈనాడు అమ్మిన చూడి బర్రె, దాని కడుపులోని దుడ్డె, రెండూ పోయినట్టే. పన్నెండు రోజుల కిరాయి అయిపోయినాక తిరిగి మంద కావాలంటే 2030 దాటుతుంది. ఇంట్లో నాలుగు తరాలుగా వచ్చిన బర్రె జాతి ఉంటే దాని గుణం అంగడిలో దొరకదు. ఏ పడ్డ పొదుగు ఎట్లా వస్తుందో, ఏది తన్నుతుందో మీకు పుట్టుకతో తెలుసును. బజారు బర్రెతో ఆరు నెలలు అవస్థ పడి నేర్చుకోవలెను.

ఆడవాళ్ళ సంగతి కూడా అనవలెను, ఈ మాట అనమని కొందరు సోదరీమణులే మమ్మల్ని అడిగినారు. పాల బిల్లు చాలా ఇండ్లలో ఆమె ఖాతాలో పడుతుంది. గది కిరాయి ఆయన ఫోనులో పడుతుంది. దుప్పట్లు ఉతికేది, గది ఊడ్చేది, వచ్చినవారికి నీళ్ళు తోడిపెట్టేది ఎవరు? ఆమెనే. పేడ ఎత్తడం తప్పినదని సంతోషపడదామంటే, అంతకంటే ఎక్కువ పని మీద పడినది, చేతిలో డబ్బు మాత్రం తగ్గినది.

మా తప్పు కూడా చెప్పుకోవలెను. కొన్నేండ్ల కింద జాతర రోజుల్లో సంఘం దాణా గదిని మేమే కిరాయికి ఇచ్చినాము. సంఘానికి నాలుగు డబ్బులు వస్తాయనుకున్నాము. దాణా బస్తాలు వరండాలో పెట్టించినాము. అకాల వాన పడినది. తడిసిన దాణాకు బూజు పట్టినది. బూజు పట్టిన దాణా పెడితే పశువుకు కాలేయం చెడుతుంది, పాలలోకి కూడా విషం దిగుతుంది. కాబట్టి ఆ బస్తాలన్నీ గుంట తవ్వి పూడ్చినాము. వచ్చిన కిరాయి కంటే పోయినదే ఎక్కువ. మహాసభలో సభ్యులు అడిగినప్పుడు మాకు తల ఎత్తుకోను లేకపోయినది.

ఇప్పుడు గదులు ఇచ్చేవారు తప్పక వినవలసిన మాటలు కొన్ని ఉన్నవి, పశువు ప్రాణానికి సంబంధించినవి. విందు చేసుకున్నవారు మిగిలిన బిర్యానిని, అన్నాన్ని గంపలకొద్దీ బయట పారబోస్తారు. బర్రె కడుపునిండా తింటుంది. అలవాటు లేని పశువు ఒక్కసారి అంత అన్నం తింటే మొదటి కడుపులో పులుపు పుట్టి, కడుపు ఉబ్బి, మేత మానివేసి, నీళ్ళ విరేచనాలు పట్టి, ఒకటి రెండు రోజుల్లో పడిపోతుంది. పెండ్లి ఇంటి మరునాడు పశువులు చచ్చిపోయినవంటే చాలావరకు ఇదే. దిష్టి కాదు. అన్నం తిన్నదని తెలిసిన వెంటనే వంట సోడా నీళ్ళలో కలిపి తాపించి, ఆలస్యం చేయకుండా 1962 నంబరుకు ఫోను చేసి సంచార పశువైద్య వాహనాన్ని పిలిపించండి. దాహం వేస్తున్నదని నీళ్ళు ఒక్కసారి విపరీతంగా తాపకండి. మిగిలిన అన్నం గుంటలో వేసి మన్ను కప్పించడం గది ఇచ్చిన వాని బాధ్యత.

రెండవది ప్లాస్టిక్ సంచులు. ఉప్పు, పులుపు అంటిన సంచిని పశువు సంచితోనే మింగుతుంది. అది కడుపులో ఉండ కడుతుంది, బయటికి రాదు. బర్రె తింటున్నా చిక్కిపోతుంది, పాలు తగ్గుతవి, మనం దాణా పెంచుతాము. జాతర జరిగిన నెలకో, రెండు నెలలకో ఇట్లాంటివి కనబడుతవి కాబట్టి ఎవరూ దీనికీ దానికీ ముడి పెట్టరు. గాలికుంటు సంగతి తెలిసినదే. పదిచోట్ల తిరిగి వచ్చిన బండి చక్రాలు, చెప్పులు ఆ రోగాన్ని మోసుకొని వస్తవి. వచ్చినవారి పిల్లలు బర్రెను చూడాలని సరదా పడతారు. చూపించండి, కాని కొట్టం బయటి నుంచే. ఆరు నెలలకు ఒకసారి వేసే గాలికుంటు టీకా ఏ ఇంటివారూ తప్పించకూడదు.

పాలు పితికే వేళకు గది వద్ద కారు హారనులు, పాటలు ఉంటే బర్రె చేపదు. ఇది నవ్వులాట మాట కాదు, చిట్టాలో కనబడుతున్నది.

మరి ఏమి చేయవలెను? పూర్తిగా గదులు వద్దనడం జరిగే పని కాదు, మేము ఆ సలహా ఇవ్వడం లేదు. మేడారం వారి పద్ధతి మనకు సరిపోతుందని మా అభిప్రాయం. ఉన్న ఇంట్లోనే ముందు గదినో, మేడ మీది గదినో ఆ కొద్ది రోజులకు ఇచ్చుకోండి. కొట్టం ముట్టుకోకండి. జాగా బయటివారికి ఏండ్ల లీజుకు రాసి ఇవ్వకండి. కాగితం మీద సంతకం చేసే ముందు చదువుకున్న వారికి చూపించండి. గదుల మీద ఏమి పన్ను వేయాలి, చెత్త ఎక్కడ వేయాలి, రాత్రి ఎంతవరకు మైకు ఉండాలి అన్నది గ్రామసభలో తీర్మానం చేసుకోవచ్చు. గ్రామసభకు మన సంఘాల సభ్యులు పోకపోతే, గదులవారు మాత్రమే పోతారు. ఆ తరువాత తీర్మానం ఎట్లా ఉంటుందో మనం అనుకోనక్కర లేదు.

పాలు, పెరుగు విషయం కూడా ఉన్నది. వచ్చినవారు ఇంటి ముందు లీటరుకు ఎక్కువ ధర ఇస్తామంటే ఎవరికైనా ఆశ పుడుతుంది. ఆ నాలుగు రోజులు అమ్ముకొని, అయిదో రోజు మళ్ళీ కేంద్రానికి వస్తే బండి వచ్చి ఉండాలి కదా. అందుకని ఆ రోజుల్లో సంఘమే కేంద్రం దగ్గర స్థానిక అమ్మకం పెట్టవలెనని, పరీక్ష చేసిన పాలు, తోడు వేసిన పెరుగు అక్కడే అమ్మవలెనని, వచ్చిన అధిక లాభం పాలు పోసిన లీటర్ల లెక్కన బోనసులో కలపవలెనని మా ఆలోచన. వేలాల జాతరకు ముందు ఒకటి రెండు సంఘాలు ప్రయత్నించి చూస్తే పుష్కరాల నాటికి మనకు అనుభవం వస్తుంది. లోపలి వాడ అవ్వకు కూడా ఆ ధరలో వాటా దక్కుతుంది.

వచ్చే పాల బిల్లు పంచే రోజున ప్రతి సంఘం కార్యదర్శి మూడు లెక్కలు రాసి తేవలెను. ఊళ్ళో ఇదివరకు కొట్టం ఉండి ఇప్పుడు గది అయిన ఇండ్లు ఎన్ని, ఆ ఇండ్ల నుంచి అంతకుముందు ఏడాది ఎన్ని లీటర్లు వచ్చేవి, గది కట్టాలని అనుకుంటున్న వారు ఎంతమంది. పేర్లు రాయనక్కర లేదు, సంఖ్యలు చాలును. అవి చూసుకున్న తరువాత పాల బండి దారి గురించి డెయిరీ వారితో మాట్లాడటానికి ఇద్దరు సభ్యులను ఎన్నుకుందాము. ఆ ఇద్దరిలో ఒకరు సోదరీమణి అయి ఉండవలెను.